సహాయం లిస్టులో లేని గుడ్డ



ఐప్పసి, కార్తీక వానలు దగ్గర పడుతున్నాయి. తుఫాను వస్తే సంఘం తరఫున ఇచ్చే సామాన్ల లిస్టు మళ్ళీ రాయాలి. దానికి ముందు కొంచెం చరిత్ర చెప్పాలని ఇది రాస్తున్నాను. ఆడవాళ్ళ నెలసరి సంగతి మగవాడు రాయొచ్చునా అని కొందరు అడగొచ్చు. లిస్టులు రాసేది మగవాళ్ళమే కదా, అందుకే రాయాలి.

2004 డిసెంబరు 26, ఆదివారం. సునామీకి నాగపట్నం జిల్లా ఒక్కదానిలోనే 6,000 మందికి పైగా పోయారు. అక్కరైపేట, కీచాంకుప్పం లాంటి చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో బడుల్లో, కల్యాణ మండపాల్లో తలదాచుకున్నారు. తరువాత తారు షీట్ల గుడిసెలు వేసి ఇచ్చారు. దేశం నలుమూలల నుంచి లారీల్లో పాత బట్టలు వచ్చాయి. వాళ్ళు సముద్రం మీద కష్టపడి బతికినవాళ్ళు, ఊరివాళ్ళు విడిచిన బట్ట కట్టుకోలేదు. ఆ బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి.

బయట అంత బట్ట పడి ఉంటే, లోపల ఉన్న ఆడవాళ్ళకు కావలసిన గుడ్డ వేరు. ఇల్లు పోయిందని నెలసరి ఆగదు. మన ఇళ్ళలో దాన్ని ‘దూరం’ అంటాం. తమిళవాళ్ళ ఇళ్ళలోనూ కొందరు అదే మాట అంటారు. ఎన్నో కుటుంబాలు ఒకే హాల్లో పడుకుంటుంటే ఎక్కడికి దూరం పోతారు? గుడ్డ మార్చుకునేదానికి మరుగు లేదు, ఉతికేదానికి నీళ్ళు చాలవు, ఎండలో ఆరేసేదానికి సిగ్గు. చీర కింద దాచి ఆరేస్తే గుడ్డ సరిగా ఆరదు. తడి గుడ్డ కడితే దురద, పుండ్లు. మరుగుదొడ్డి దూరంగా ఉండి దీపం లేకపోతే రాత్రి బయటికి పోయేదానికి భయం.

ఆ పాత బట్టల గుట్టలను ఏరి, పనికొచ్చేట్టు చేసే పనికి ఢిల్లీకి చెందిన గూంజ్ సంస్థ పూనుకుంది. దాన్ని 1999లో పెట్టింది అంశు గుప్తా. కట్టుకోలేని బట్టల్లో నూలు బట్టను ఏరి, ఉతికి, కత్తిరించి నెలసరి గుడ్డలుగా చేయడం ఆ సంస్థకు పెద్ద ఉద్యమమే అయింది. ఆయనకు 2015లో మెగసెసే అవార్డు వచ్చింది.

ప్రపంచం సంగతీ చూద్దాం. 1994 రువాండా మారణహోమం తరువాత శరణార్థుల శిబిరాల్లో వేల మంది చచ్చిపోయాక, సహాయానికి కనీస కొలతలు ఉండాలని 1997లో స్ఫియర్ అనే ప్రయత్నం మొదలైంది. 2001లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఆడవాళ్ళకు ఇచ్చిన అయిదు వాగ్దానాల్లో నెలసరి సామాను ఒకటి. 2018 స్ఫియర్ పుస్తకంలో దీనికి విడిగా కొలతే ఉంది. ఒక్కొక్కరికి సంవత్సరానికి 4 చదరపు మీటర్ల నూలు గుడ్డ, లేకపోతే నెలకు 15 నాప్కిన్లు, లేకపోతే సంవత్సరానికి ఉతికి వాడే ప్యాడ్లు 6. వీటిలో ఏది కావాలో ఆడవాళ్ళే చెప్పాలి. దానితో పాటు సంవత్సరానికి 6 లోబట్టలు, నెలకు 250 గ్రాముల సబ్బు అదనం, నానబెట్టేదానికి మూత ఉన్న బకెట్టు, ఆరేసేదానికి తాడు.

అడగడం ఎందుకంటే, తమిళనాడులో 2011లో పల్లె ఆడపిల్లలకు ఉచిత నాప్కిన్ల పథకం ప్రకటించారు. ఆ పిల్లలకు నాప్కిన్ అలవాటు, వాళ్ళ అమ్మలకు గుడ్డ అలవాటు. లోబట్ట ఇవ్వకుండా నాప్కిన్ ఇస్తే పనికిరాదు. చెత్తబుట్ట పెట్టకపోతే అది మరుగుదొడ్డిలో పడి అడ్డుకుంటుంది.

అందుకే వచ్చే మీటింగులో ఈ తీర్మానం పెట్టమని కోరుతున్నాను. బియ్యం, దుప్పటితో పాటు ప్రతి కుటుంబానికీ ఒక మూసిన సంచి. అందులో కొత్త నూలు గుడ్డ గానీ నాప్కిన్లు గానీ, లోబట్టలు, సబ్బు, తాడు, ఒక టార్చి. మూత బకెట్టు విడిగా ఇద్దాం. లిస్టు మన మహిళా సభ్యులే రాయాలి, పంచేదీ వాళ్ళే. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇంకొక్క మాట: సంచి మీద ‘ఆడవాళ్ళకు’ అని తమిళంలో, తెలుగులో పెద్దగా రాయండి. పేరు లేని మూట దిగినచోటే పడి ఉంటుంది.

ఇది చదివి ఊరుకోకుండా, ఇంట్లో ఆడవాళ్ళకు చూపించి, వాళ్ళు ఏమి చేర్చమంటారో కింద రాయండి.