మౌలాలి గుట్ట కింద ఆంగ్ల వివాహ కథనం: జేన్ ఆస్టిన్ నవలలు, మహలకా బాయి చందా ఆస్తిపాస్తులు

ఉపోద్ఘాతం

ఆంగ్ల నవలలోని ప్రేమ, వివాహ ఇతివృత్తాలను తెలుగు నేలపై చర్చించినప్పుడల్లా విమర్శ సాధారణంగా గోల్డ్‌స్మిత్, కందుకూరి వీరేశలింగం జంట దగ్గర మొదలవుతుంది. 1766లో వెలువడిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయలో 1878 నుంచి ‘వివేకవర్ధని’లో వచ్చి, 1880లో పుస్తకమైన ‘రాజశేఖర చరిత్రము’ రూపుదిద్దుకుంది. ఈ రెండింటి మధ్య పోలికలను వెతికిన వ్యాసాలకు కొదవ లేదు. అయితే పోలికల కంటే ఎక్కువ చెప్పే తేడా ఒకటుంది. గోల్డ్‌స్మిత్ నవలలో ఒలీవియాకు జరిగింది చెల్లే పెళ్ళా, దొంగపెళ్ళా అన్నది కథను నడిపే ప్రశ్న. పెళ్ళి చెల్లాలంటే చర్చిలో ముందస్తు ప్రకటన గానీ లైసెన్సు గానీ ఉండాలన్న 1753 నాటి హార్డ్‌విక్ చట్టం తెలియనిదే ఆ మలుపు బోధపడదు. వీరేశలింగం నవలలో రుక్మిణి పెళ్ళి కథకు ముందే అయిపోయింది. భర్త మరణించాడన్న తప్పుడు వార్త వచ్చాక ఆ ఆడపిల్ల గతి ఏమిటన్నదే అక్కడి ప్రశ్న. చట్టమూ ఆచారమూ మారితే వివాహ కథనం కూడా మారుతుందని ఈ ఒక్క ఉదాహరణే చాటుతుంది.

ఈ సూత్రాన్ని హైదరాబాదుకు అన్వయించడం ప్రస్తుత వ్యాస ప్రయత్నం. అందుకు ఎంచుకున్న స్థలం మౌలాలి. గుట్ట పాదం వద్ద సమాధి అయిన మహలకా బాయి చందా (1768–1824), జేన్ ఆస్టిన్ (1775–1817) సమకాలికులు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసిన అడిక్‌మెట్ ప్రాంతం ఒకప్పుడు మహలకా బాయి జాగీరు. దానికి ఆనుకొని, తార్నాక దారిలో, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ అది. పెళ్ళి చేసుకోకుండా భూమిని అనుభవించిన స్త్రీ జాగీరులోనూ దాని పొరుగునా, పెళ్ళి లేకపోతే నిలవ నీడ లేని స్త్రీల నవలలు పాఠ్యాంశాలయ్యాయి. ఇది యాదృచ్ఛికమే. కానీ ఈ యాదృచ్ఛికం ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది: ఆస్టిన్ నవలల్లో వివాహం ప్రేమకు పరిణామమా, ఆస్తి చట్టానికి పరిణామమా?

ఆస్టిన్ నవలల్లో లెక్కలు

ఆస్టిన్ పాత్రల ఆదాయాలు పౌండ్లలో సహా పాఠకులకు తెలుస్తాయి. బెన్నెట్ ఎస్టేటు మీద ఏటా వచ్చేది 2,000 పౌండ్లు. అయితే అది పురుష వారసులకే చెందేలా కట్టుబాటు చేసిన ఆస్తి కనుక తండ్రి కన్ను మూసిన నాడు కాలిన్స్ పాలవుతుంది. ఐదుగురు కూతుళ్ళకు దానిపై హక్కు లేదు. డార్సీ ఆదాయం ఏటా 10,000 పౌండ్లని నృత్యశాలలో అతడు అడుగుపెట్టిన కొద్ది నిమిషాలకే ఊరంతా తెలిసిపోతుంది. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మొదటి అధ్యాయం వారసత్వ పత్రంలా సాగుతుంది. రెండవ అధ్యాయంలో సవతి చెల్లెళ్ళకు 3,000 పౌండ్లు ఇవ్వాలనుకున్న జాన్ డాష్‌వుడ్, భార్య మాటలతో మెట్టుమెట్టుగా దిగివచ్చి చివరకు ఏమీ ఇవ్వనక్కర లేదన్న నిర్ణయానికి చేరుకుంటాడు. ఆంగ్ల నవలలో ఇంతటి చల్లని క్రూరత్వమున్న సంభాషణలు అరుదు. ప్రేమకథ ఈ లెక్క తేలిన తర్వాతే మొదలవుతుంది.

దీని వెనుక ఉన్నది ‘కవర్చర్’ అనే న్యాయసూత్రం. బ్లాక్‌స్టోన్ 1765లో మొదలుపెట్టిన వ్యాఖ్యాన గ్రంథం ప్రకారం వివాహంతో స్త్రీ న్యాయ అస్తిత్వం భర్త అస్తిత్వంలో లీనమవుతుంది. ఆమె చరాస్తులు భర్తవవుతాయి. ధనిక కుటుంబాలు ఛాన్సరీ న్యాయస్థానం గుర్తించే ఒప్పందాల ద్వారా కొంత ఆస్తిని కూతుళ్ళకు ప్రత్యేకంగా కాపాడేవి. ఆ రక్షణ లాయరు ఖర్చులు భరించగలవారికే దక్కేది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు రావడానికి 1870, 1882 వరకు ఆగవలసి వచ్చింది.

అంటే ఆస్టిన్ నాయికకు ఉచ్చు రెండు వైపులా ఉంది. పెళ్ళి కాకపోతే ఆదాయం లేదు. పెళ్ళయితే ఉన్నదీ తనది కాదు. ఈ రెండవ వైపును ఆస్టిన్ ఒక ఉపకథలో తేటతెల్లం చేసింది. కల్నల్ బ్రాండన్ యౌవనంలో ప్రేమించిన ఎలైజా గొప్ప ఆస్తి గల అనాథ. బ్రాండన్ కుటుంబ ఎస్టేటు అప్పుల్లో ఉంది. అందుకే ఆమెను ఇష్టానికి విరుద్ధంగా అతడి అన్నకు కట్టబెట్టారు. ఆస్తి ఎస్టేటులో కలిసింది. ఎలైజా చివరకు రుణగ్రస్తులను నిర్బంధించే ఇంటికి చేరి, ఆపై క్షయతో మరణించింది. ఆమె పతనమైన కాలంలో బ్రాండన్ ఉన్నది ఈస్టిండీస్‌లో, అంటే కంపెనీ సైన్యాలు తిరిగే నేలపై.

భారతదేశం ఆస్టిన్ కుటుంబానికి దూరం కాదు. మేనత్త ఫిలడెల్ఫియా 1752లో మద్రాసుకు ఓడ ఎక్కింది. 1753లో కడలూరులో కంపెనీ వైద్యుడు టైసో సాల్ హాన్‌కాక్‌ను పెళ్ళాడింది. కట్నం లేని ఆంగ్ల యువతులకు భారతదేశం ఒక వివాహ విపణి. ఈ సంగతిని ఆస్టిన్ 1792 నాటి బాల్య రచన ‘క్యాథరిన్, ఆర్ ది బవర్’లో, పెళ్ళి కోసం బెంగాలుకు పంపబడిన అనాథ పాత్ర ద్వారా నిష్ఠూరంగానే రాసింది. ఆస్టిన్ మాత్రం 1802 డిసెంబరులో హారిస్ బిగ్-విథర్ అడిగిన పెళ్ళికి సాయంత్రం అంగీకరించి, మరునాటి ఉదయం నిరాకరించింది. తరువాతి కాలంలో ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ హక్కులను 110 పౌండ్లకు అమ్ముకుంది. 1811లో అచ్చయిన తొలి నవలపై ఆమె పేరు లేదు. ‘ఒక స్త్రీ రాసినది’ అని మాత్రమే ఉంది.

గుట్ట పాదం

ఇదే కాలంలో మౌలాలిలో జరిగింది వేరు. రాజ్ కన్వర్ బాయి కుమార్తె అయిన చందా, నిజాం అలీ ఖాన్ దర్బారులో సంగీత నృత్యాలతో పేరు తెచ్చుకొని మహలకా బాయి బిరుదు పొందింది. ఆమె గర్భస్థ శిశువుగా ఉండగా తల్లి మౌలాలి దర్శనానికి వెళ్ళిన సందర్భంలో గర్భం నిలిచిందని జీవితకథల్లో ఉంది. అది భక్తి కథనమే అయినా, గుట్టతో ఆమెకున్న అనుబంధం తల్లి నుంచి వచ్చిందని గ్రహించడానికి ఉపకరిస్తుంది. 1792లో తల్లికి గుట్ట పాదం వద్ద సమాధిని, చుట్టూ తోటను నిర్మించింది. 1824లో ఆమెనూ తల్లి పక్కనే ఖననం చేశారు. భర్తల వంశవృక్షాలతో నిండిన హైదరాబాదు సమాధి స్థలాల్లో తల్లీకూతుళ్ళ ఈ జంట సమాధి విలక్షణమైనది.

మహలకా బాయి పెళ్ళి చేసుకోలేదు. బాలికలను దత్తత తీసుకొని పెంచి విద్యలు నేర్పించింది. జాగీర్లు అనుభవించింది. ఉమ్రావుల సరసన దర్బారు గౌరవాలు అందుకుంది. ‘ఎమ్మా’ నవలలో నాయిక ఒక సిద్ధాంతం చెబుతుంది: అవివాహితను లోకం చులకన చేసేది పేదరికం వల్లనే, సంపద ఉంటే ఆమెకూ మర్యాద ఉంటుందని. ఆ సిద్ధాంతానికి ఆంగ్ల గ్రామం కంటే మౌలాలి మెరుగైన ఉదాహరణగా కనిపిస్తుంది.

కనిపిస్తుంది అనడమే సరి. తీర్పు చెప్పడం తొందరపాటు. ఇటీవలి రచనల్లో మహలకా బాయిని స్వేచ్ఛా స్త్రీకి ప్రతీకగా నిలిపే ధోరణి బలపడింది. జాగీరు స్వంత ఆస్తి కాదన్న విషయం అందులో మరుగున పడుతోంది. జాగీరంటే నిర్ణీత గ్రామాల శిస్తును అనుభవించే హక్కు. పాలకుడి అనుగ్రహం ఉన్నంత కాలమే దాని మనుగడ. బెన్నెట్ కూతుళ్ళను చట్టం వారసత్వానికి దూరం చేస్తే, తవాయిఫ్‌ను వివాహ వ్యవస్థ గృహిణి హోదాకు దూరం చేసింది. ఆ వెలుపలి స్థానమే ఆమెకు సంపాదనను, పురుష సభలో మాట్లాడే అర్హతను ఇచ్చింది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవలసినదే. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో మాన్యాలు అనుభవించిన దేవదాసీల చరిత్ర తెలిసిన పరిశోధకులకు ఈ నిర్మాణం కొత్తది కాదు.

గజల్ ముగింపు, నవల ముగింపు

1798లో కూర్చిన మహలకా బాయి దీవాన్‌లో 125 గజళ్ళు ఉన్నాయి. ప్రతి గజలూ ఐదు షేర్లే. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి కవయిత్రిగా చాలాకాలం ఆమెనే పేర్కొన్నారు. లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాన్ అంతకు ఏడాది ముందుదని తేలాక ఆ వాదం నిలవలేదు. తొలి స్థానం పోయినంత మాత్రాన ఆమె కవిత్వానికి వచ్చిన లోటు లేదు.

ఇక్కడ గమనించవలసింది ముగింపు. గజల్ ప్రేమలో ప్రియుడు దొరకడు. దొరికితే గజలే లేదు. మహలకా బాయి గజళ్ళలో విరహం, చమత్కారం, దర్బారు సరసం సాగి, చివరి షేరు హజ్రత్ అలీ స్మరణ వైపు తిరుగుతుంది. అలీ పేరుతో వెలసిన గుట్ట నీడలో బతికిన కవయిత్రికి ఆ మలుపు కేవలం సంప్రదాయం కాదు, చిరునామా కూడా. ఆస్టిన్ నవల ప్రతిసారీ పెళ్ళితో ముగుస్తుంది. ఆ పెళ్ళితో నాయికకు ఇల్లు, ఆదాయం, హోదా ఒకేసారి సమకూరుతాయి. గజల్ అటువంటి భారం మోయదు. తవాయిఫ్‌కు ఇల్లు వేరే దారిలో వచ్చింది కనుక ప్రేమ పెళ్ళిగా పరిణమించవలసిన అవసరం కవితకు లేదు. సాహిత్య ప్రక్రియల ముగింపులను రసదృష్టితో మాత్రమే వివరించే బోధన ఈ అంశాన్ని వదిలేస్తోంది.

1799లో ఆమె ఈ దీవాన్ ప్రతిని రెసిడెన్సీ అధికారి జాన్ మాల్కమ్‌కు నజరానాగా ఇచ్చింది. అది లండనుకు చేరింది. ఆమె పేరు ఆ ప్రతిపై ఉంది. పన్నెండేళ్ళ తర్వాత అదే నగరంలో అచ్చయిన ఆస్టిన్ తొలి నవలపై రచయిత్రి పేరు లేదు.

రెండు చట్టాల మధ్య ఖైరున్నిసా

పెళ్ళి వెలుపల నిలిచిన మహలకా బాయిని, పెళ్ళిని నమ్ముకున్న ఖైరున్నిసాను పక్కపక్కన చూడాలి. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌ను ఆమె ఇస్లామీయ పద్ధతిలో పెళ్ళాడింది. హైదరాబాదు దృష్టిలో అది వివాహం. కంపెనీ దృష్టిలో కాదు. కిర్క్‌పాట్రిక్ వీలునామా సైతం పిల్లలిద్దరినీ ఆంగ్ల చట్టం గుర్తించని సంతానంగానే చూసింది. 1805లో పిల్లలను ఇంగ్లండుకు పంపారు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. తర్వాత హెన్రీ రసెల్‌తో సంబంధం కారణంగా ఆమెకు హైదరాబాదు ప్రవేశం నిషిద్ధమైంది. మచిలీపట్నంలో ఎదురుచూస్తూ ఉండిపోయింది. రసెల్ 1808లో మద్రాసులో మరొకరిని పెళ్ళాడాడు. ఆ నిషేధం విధించిన దివాను మీర్ ఆలం ఆమెకు బంధువు. మహలకా బాయికి ఆరాధకుడు. ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ వెలువడిన 1813లోనే ఖైరున్నిసా హైదరాబాదులో కన్ను మూసింది.

కూతురు కిట్టీ ఆంగ్ల సాహిత్యంలో మరో రూపంలో తేలింది. యువ థామస్ కార్లైల్ 1824లో ఆమెను కలిశాడు. 1833–34లో వెలువడిన ‘సార్టర్ రిసార్టస్’లో నాయకుడు ప్రేమించి పోగొట్టుకునే బ్లూమినేకు మూలం కిట్టీయేనని పలువురు విమర్శకుల అభిప్రాయం, మరికొందరు వేరే స్త్రీల పేర్లు చెబుతారు. ఆ పుస్తకంలో ప్రేమ పెళ్ళి దాకా రాదు, ఎందుకంటే నాయకుడి దగ్గర డబ్బు లేదు. ఆస్టిన్ నాయికల లెక్క ఇక్కడ పురుషుడి మెడకు చుట్టుకుంది. కిట్టీ 1829లో కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్ళాడింది. 1840లలో అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు కలిశాయి గానీ, ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు.

ఈ మూడు జీవితాలపై ఆంగ్ల పక్షపు ఆధారాలే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి: రెసిడెన్సీ లేఖలు, వీలునామాలు, లండనుకు చేరిన దీవాన్. జాగీర్ల మంజూరు, పునఃస్వాధీనం ఎలా జరిగేవో తెలిపే అసఫ్ జాహీ దఫ్తర్లు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ఆంగ్ల శాఖల పరిశోధక విద్యార్థులకు అది ఒక స్టాపు దూరం. ఫారసీ చదవగలవారు, ఆస్టిన్ చదివినవారు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఆ దఫ్తర్లలోని స్త్రీల పేర్లు వివాహ కథన చర్చలోకి రావు.