పురవర్ణన నుంచి రచ్చకట్టకు: పెనుకొండ ప్రాంతపు వీధి

అష్టాదశ వర్ణనల్లో పురవర్ణన ఒకటి. ప్రబంధకవులు దానిని ఎంతో శ్రద్ధతో నిర్వహించారు. ఆ వర్ణనల్లోని వీధి ఎవరిది అన్న ప్రశ్నను పెనుకొండ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1565 నాటి రాక్షసి తంగడి యుద్ధం తరువాత తిరుమలదేవరాయలు పెనుకొండను రాజధానిగా చేసుకున్నాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఆయనకే. అయినా అందులోని అధిష్ఠానపురాన్ని పెనుకొండకు ప్రతిబింబంగా చదవడం సరికాదు. అది కావ్యలక్షణం నిర్దేశించిన ఆదర్శ నగరం. ప్రబంధ పురవర్ణనల్లో కోట, అగడ్త, మేడలు, ఏనుగులు, నాలుగు వర్ణాలవారు, పుష్పలావికలు తరచుగా కనిపిస్తారు. పూలమ్మే స్త్రీ అక్కడ సరసోక్తికి ఆలంబనం. ఆమె ఎక్కడ కూర్చుంటుంది, ఆమెకు నీడ ఏది అన్నవి వర్ణనలోకి రావు.

దీనికి భిన్నమైన దృష్టి క్రీడాభిరామంలో ఉంది. కర్తృత్వం గురించి వివాదమున్నా, వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ కృతి దశరూపకాల్లోని వీథి ప్రక్రియకు చెందింది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ పూటకూళ్ల ఇల్లు, కోడిపందెం, పొట్టేళ్ల పోరు, పల్నాటి వీరగాథాగానం చూస్తారు. ఇక్కడ వీధి అలంకారం కాదు; తిండి, వినోదం, పాట, బేరం కలిసే చోటు. ఈ కలయికే వీధికి ప్రాణం.

పెనుకొండలో పార్శ్వనాథ జినాలయం, శివ రామాలయాలు, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా ఒకే ఊరిలో ఉన్నాయి. ఊరేగింపులూ ఉరుసూ వీధిని భిన్న సమాజాల ఉమ్మడి స్థలంగా మారుస్తాయి. పెన్న ఒడ్డునున్న రొద్దం వంటి ఊళ్లలో ఆ పనిని నిత్యం చేసేది రచ్చకట్ట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో రావిచెట్టు నీడ, కూర్చునే బండ, తాగునీరు సౌందర్యానికి సంబంధించినవి కావు. ఎండాకాలంలో మనిషి బయట నిలవడానికి కావలసిన కనీస వసతులు. రహదారి వెడల్పును వాహనాలతోనే లెక్కిస్తే ముందుగా పోయేవి చెట్టు, అరుగు, కట్ట.

2014 నాటి వీధి విక్రేతల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో విక్రేతలకు కనీసం 40 శాతం ప్రాతినిధ్యం కల్పించింది. పురవర్ణనలో మాటకు బదులు మాట చెప్పిన పుష్పలావికకు, వీధి రూపకల్పనలో మాట చెప్పే హక్కు ఈ చట్టంతో వచ్చింది. దానిని ఆచరణలో పెట్టేటప్పుడు కొలతలతో పాటు వాడుకను కూడా నమోదు చేయాలి: ఏ వేళ ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏ నీడ ఎవరికి ఆధారం అన్నది. క్రీడాభిరామ కర్త ఓరుగల్లు విషయంలో చేసిన పని దాదాపు ఇదే. కనుక పట్టణ ప్రణాళికా చర్చలో పురవర్ణన కంటె వీథి ప్రక్రియే తెలుగు పరిశోధకులకు ఉపయుక్తమైన ఆకరం.