సమాన మొత్తాల మాత్రికలు: ఊహ నుంచి నిరూపణ వరకు

మూడు రకాల పండ్లు, ఒక్కొక్క రకంలో రెండేసి ఉన్నాయనుకోండి. ముగ్గురు వ్యక్తులకు, ఒక్కొక్కరికి రెండేసి వచ్చేటట్లు వాటిని ఎన్ని విధాలుగా పంచవచ్చు? వ్యక్తులను అడ్డు వరుసలుగా, రకాలను నిలువు వరుసలుగా రాయండి. ప్రతి అడ్డు వరుస మొత్తం, ప్రతి నిలువు వరుస మొత్తం 2 అయ్యే 3×3 మాత్రిక వస్తుంది. అందులోని సంఖ్యలు సున్నాలు గాని ధన పూర్ణాంకాలు గాని కావాలి. ఇటువంటి మాత్రికలు 21 ఉన్నాయి.

భారతదేశంలో సైనికాధికారిగా పనిచేసిన బ్రిటిష్ గణితవేత్త పెర్సీ మక్‌మహన్ 1915–16లో ప్రచురించిన గ్రంథంలో 3×3 మాత్రికలకు సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం మొత్తం 0, 1, 2, 3, 4, 5 అయినప్పుడు మాత్రికల సంఖ్య వరుసగా 1, 6, 21, 55, 120, 231. పక్కపక్క సంఖ్యల భేదాలు తీయండి: 5, 15, 34, 65, 111. ఇలాగే కొనసాగిస్తే నాలుగోసారి 3, 3 వస్తాయి. నాలుగో భేదాలు స్థిరంగా ఉండటం పరిమాణం 4 గల బహుపది లక్షణం.

పెద్ద మాత్రికల మాటేమిటి? 1966లో హర్ష్ ఆనంద్, వి. సి. డుమిర్, పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన హంసరాజ్ గుప్తా ఈ పంపకం సమస్యనే తీసుకొని ఒక ఊహను ప్రతిపాదించారు. మాత్రికలో ఎన్ని వరుసలున్నా ఈ సంఖ్య బహుపదే అవుతుంది. వరుసల సంఖ్యలో ఒకటి తగ్గించి వర్గం చేస్తే దాని పరిమాణం వస్తుంది. 3 వరుసలకు 4, 4 వరుసలకు 9. అయితే కొన్ని విలువలు సరిపోయినంత మాత్రాన అది నిరూపణ కాదని గుర్తుంచుకోండి.

1973లో అమెరికన్ గణితవేత్త రిచర్డ్ స్టాన్లీ బీజగణిత పద్ధతులతో ఈ ఊహను నిరూపించాడు. ఇక్కడ ఒక విశేషం గమనించండి. మరొక మార్గానికి కావలసిన ఫలితాలు రెండూ 1966కు ముందే వెలువడి ఉన్నాయి. వరుస మొత్తాలన్నీ 1 అయ్యేటట్లు, భిన్నాలను కూడా అనుమతించి రాసిన మాత్రికలన్నీ కలిసి ఒక బహుముఖి అవుతాయి. దాని శీర్షాలలో 0, 1 మాత్రమే ఉంటాయని గారెట్ బర్కాఫ్ 1946లో చూపాడు. పూర్ణాంక శీర్షాలున్న బహుముఖిని రెట్లు పెంచుతూ పోతే, అందులోని పూర్ణాంక బిందువుల సంఖ్య బహుపది అవుతుందని ఫ్రెంచి ఉపాధ్యాయుడు యూజీన్ ఎర్హార్ట్ 1962లో ప్రకటించాడు. ఈ రెండింటినీ కలిపితే సంఖ్య బహుపది అని తేలుతుంది.

ప్రశ్న ఒక శాఖలో, దానికి కావలసిన సాధనం మరొక శాఖలో ఉండిపోవడం గణితశాస్త్ర చరిత్రలో కొత్తేమీ కాదు. వేర్వేరు పాఠ్యభాగాలను కలిపి చదవడం వల్ల ప్రయోజనం ఏమిటో ఈ ఉదాహరణ చెబుతుంది.

అభ్యాసం: పైన చెప్పిన భేదాల పట్టికను పూర్తిచేసి, ఇంకొక మెట్టు పొడిగించండి. మొత్తం 6 అయినప్పుడు 406 రావాలి.