ఓడలకు అభయమిచ్చిన మన రాజు

సముద్రయానం మాట రాగానే చరిత్ర పుస్తకాలు పోర్చుగల్ రాకుమారుడు హెన్రీ (1394–1460) పేరు చెబుతాయి. ఆయన స్వయంగా దూరతీరాలు వెతకలేదు. నావికులకు డబ్బిచ్చి ఆఫ్రికా తీరం వెంబడి పంపించాడు. 1434లో ఆయన పంపిన ఓడ బొజదోర్ అగ్రాన్ని దాటింది. అయితే 1444లో అదే తీరం నుంచి సుమారు 235 మందిని బానిసలుగా పట్టి తెచ్చినప్పుడు, అందులో ఐదో వంతు హెన్రీ వాటాకే వచ్చింది.

హెన్రీ పుట్టడానికి నూటయాభై ఏండ్ల ముందే మన తెలుగు దేశంలోనూ సముద్ర వర్తకాన్ని పోషించిన రాజొకడున్నాడు. ఆయనే కాకతీయ గణపతిదేవుడు. ఒంటిమిట్ట నుంచి సముద్రం దూరమే గాని ఆ రాజు మనకు దూరం కాదు. ఆయన సామంతులైన కాయస్థులు మన కడప సీమలోని వల్లూరు నుంచి పాలించారు.

తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు లాగేసుకునేవారు. వర్తకుడు ప్రాణాలతో బయటపడినా బికారి అయిపోయేవాడు. గణపతిదేవుడు 1244–45లో, ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో శాసనం వేయించి ఈ అన్యాయాన్ని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవారి సొత్తులో, నియమించిన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని అభయమిచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు వంటి సరుకులకు సుంకం ఎంతో రాతి మీదనే చెక్కించాడు. ఇక అధికారి ఇష్టం వచ్చినట్టు అడిగే వీలేదీ?

ఆ మాట వృథా పోలేదు. 1290లలో మార్కోపోలో మోటుపల్లి సీమను గురించి రాశాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.

హెన్రీ చూపిన దారిన 1498లో వాస్కోడిగామా కాలికట్ చేరాడు. 1502లో ఆయనే మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను దోచి తగులబెట్టించాడు. ఆపైన పోర్చుగీసు వారి చీటీ లేని ఓడలకు మన సముద్రంలోనే రక్షణ లేకుండా పోయింది.

కొత్త దారి కనుక్కోవడం గొప్పే, కాదనలేం. కాని ఆపదలో ఒడ్డుకు చేరిన పరాయివాని మూట ముట్టకపోవడం అంతకన్న గొప్ప. మన పిల్లలు పరీక్ష కోసం హెన్రీని చదువుకుంటారు, చదువుకోనీ. గణపతిదేవుని మాట మనం ఇంట్లో చెబుదాం.