గ్యారేజీలో కూర్చున్న రచయిత్రి

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా మా పాత కారు వణికేది. కదిలితే ఏమీ లేదు, హాయిగా పోయేది. ఆగితే మాత్రం స్టీరింగు, సీటు, పక్కన పెట్టుకున్న పుస్తకాల సంచీ అన్నీ ఊగేవి. షెడ్డుకి తీసుకెళ్ళి ఇదే చెప్పాను. "మిస్సింగ్ వస్తోంది మేడమ్, ప్లగ్గులు మార్చాలి" అన్నాడు మెకానిక్. మార్చాడు. వణుకు పోలేదు. రెండోసారి కాయిల్ మార్చాడు. మూడోసారి వెళ్తే "సార్‌ని ఒకసారి పంపండి మేడమ్, ఆయనకి చెప్తా" అన్నాడు. ఏ సార్‌ని పంపాలి? కారు నాది, నడిపేది నేను, వణుకు తెలిసింది నాకు.

ఆ రోజు పట్టుబట్టి రెండు గంటలు అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. బానెట్ ఎత్తి ఇంజన్ ఆన్‌లో ఉంచారు. చివరికి పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు, ఎక్కడో సన్నగా బుస్సుమంటోందని వంగి విని, ఒక చిన్న రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కిపట్టాడు. వణుకు ఆగిపోయింది. గొట్టం పగిలి, లెక్కలో లేని గాలి ఇంజన్‌లోకి పోతోంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ పీల్చే గాలే కొంచెం. అందులో ఈ దొంగగాలి కలిస్తే పెట్రోలు పాలు తగ్గి మంట తడబడుతుంది. పరుగెత్తేటప్పుడు ఎలాగూ బోలెడు గాలి పోతుంది కాబట్టి దీని ప్రభావం కనబడదు. అంటే, "ఆగితేనే వణుకుతోంది" అని మొదటిరోజు నేను చెప్పిన మాటలోనే సగం జబ్బు దొరికింది. వినలేదంతే.

ఆ కుర్చీలో ఉండగానే నాకు గెర్ట్రూడ్ స్టైన్ గుర్తొచ్చింది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన వాళ్ళం అందరం పరీక్షలో 'లాస్ట్ జనరేషన్' గురించి రాసే ఉంటాం. మొదటి ప్రపంచయుద్ధం, హెమింగ్వే, 1926లో వచ్చిన 'ది సన్ ఆల్సో రైజెస్' మొదట్లో స్టైన్ పేరుతో ఉన్న ఆ మాట. ఆ మాట వెనక ఒక కారు రిపేరు ఉందని మాకెవరూ చెప్పలేదు. హెమింగ్వే చనిపోయాక 1964లో అచ్చయిన 'ఎ మూవబుల్ ఫీస్ట్'లో ఆ సంగతి ఉంది. పారిస్‌లో స్టైన్ నడిపే ఫోర్డ్ మోడల్ టి కారుకి ఇగ్నిషన్ సమస్య వచ్చింది. గ్యారేజీలో కుర్రాడు, యుద్ధం చివరి ఏడాదిలో పనిచేసి వచ్చినవాడు, సరిగ్గా బాగుచెయ్యలేదు. లేదా ముందున్న బళ్ళను ఆపి ఆమె బండి పట్టుకోలేదు. ఆమె ఫిర్యాదు చేసింది. యజమాని కుర్రాణ్ణి తిడుతూ ఆ మాట అన్నాడు. హెమింగ్వే సానుభూతి అంతా కుర్రాడి మీదే. ఫిర్యాదు చేసిన ఆడమనిషి ఆ కథలో పెత్తనం చేసే మనిషిగా మిగిలిపోతుంది. ఆమె చెప్పిన జబ్బేమిటో మనకి తెలియదు.

తమాషా ఏమిటంటే, 1937లో తన 'ఎవ్రీబడీస్ ఆటోబయోగ్రఫీ'లో స్టైన్ ఆ మాట ఒక హోటల్ యజమానిదని రాసింది. ఆ కథనంలో కారే లేదు.

మోడల్ టి ఇగ్నిషన్ ఎలా ఉండేదో చూస్తే నాకు ఆ కుర్రాడి మీద కొంచెం జాలి, కొంచెం కోపం కూడా కలుగుతాయి. నాలుగు సిలిండర్లకి నాలుగు కాయిళ్ళు, డాష్‌బోర్డు దగ్గర చెక్కపెట్టెలో. ఒక్కోదాని పైన తుమ్మెదలా ఝుమ్మనే సన్న రేకు. ఏ సిలిండరు 'మిస్సింగ్' అని (ఫోర్డు మాన్యువల్‌లోనూ ఈ మాటే!) తెలుసుకోవడానికి పనిముట్టు అక్కర్లేదు. ఇంజన్ నడుస్తుండగా ఒకటో, నాలుగో రేకుల్ని వేళ్ళతో కదలకుండా నొక్కాలి. మిగిలిన రెండూ సమంగా పేలుతుంటే లోపం నొక్కినవాటిలో ఉంది. తర్వాత ఒక్కటే వదిలి మిగతా మూడూ నొక్కి చూడాలి. చెవి, వేళ్ళు, ఓపిక. ఏ ఇంట్లో ఏ ఆడమనిషికి లేనివి?

అలాగని స్టైన్ తన చేతులకి నూనె అంటించుకుందని నేను చెప్పను. ఆమె 1917లో 'ఆంటీ' అని పేరుపెట్టిన ఫోర్డులో ఫ్రాన్స్ ఆస్పత్రులకి సామాన్లు చేరవేసింది. టైరు పంక్చరైనా, బండి స్టార్ట్ కాకపోయినా దారిన పోయే మగవాళ్ళు దిగి సాయం చేసేవాళ్ళు. ఆమె దాన్ని గొప్పగానే చెప్పుకుంది. ఇంట్లో ఆలిస్ టోక్లస్ వంట, టైపు. ఇతరుల శ్రమ మీద నిలబడిన స్వేచ్ఛ అది, ఆ మాట అనుకోకుండా ఆమెని ఆరాధించలేం. 1909లోనే 22 ఏళ్ళ ఆలిస్ రామ్సే న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 59 రోజుల్లో కారు నడిపింది, దారిలో ప్లగ్గులు తనే శుభ్రం చేసుకుంది. ఆ ప్రయాణం గురించి ఆమె పుస్తకం 1961లో గానీ రాలేదు.

కానీ స్టైన్ ఒక పని చేసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో ఉపన్యాసానికి పిలుపు వచ్చి, ఏం రాయాలో తోచక కంగారు పడుతున్న రోజుల్లో, చలిగా చీకటిగా ఉన్న ఒక మధ్యాహ్నం తన రెండో ఫోర్డు 'గొడైవా' రిపేరుకి వెళ్ళింది. పక్కనున్న మరో పాత ఫోర్డు మెట్టు మీద కూర్చుని, తన బండిని విడదీసి మళ్ళీ బిగిస్తుంటే చూస్తూ 'కాంపొజిషన్ యాజ్ ఎక్స్‌ప్లనేషన్' మొత్తం రాసేసింది. అదీ 1926లోనే, వర్జీనియా వుల్ఫ్ దంపతుల హోగార్త్ ప్రెస్ అచ్చువేసింది. ఈ సంగతి 1933లో టోక్లస్ గొంతుతో తను రాసిన ఆత్మకథలో చెప్పింది. అదే ఏడాది, అదే ఊరి గ్యారేజీల నేపథ్యంలో రెండు రచనలు. సిలబస్‌లో ఒకదానికే ఆ గ్యారేజీ దక్కాల్సింది, అదీ దక్కలేదు. రెండోదాన్ని అర్థంకాని ప్రయోగమని పక్కనపెట్టాం. వాక్యాన్ని విప్పి, ఒక్కో మాటనీ మళ్ళీ మళ్ళీ బిగించి చూసే ఆ వచనాన్ని ఇప్పుడు చదువుతుంటే, ఆమె ఎదురుగా ఏం చూస్తూ రాసిందో తెలియకుండా ఎలా చదివామా అనిపిస్తుంది.

ఈమధ్య ఇది పాఠంలో చెప్తే ఒకమ్మాయి అడిగింది, "ఇంతకీ ఆ కారు బాగయిందా మేడమ్?" అని. హెమింగ్వే చెప్పలేదు. స్టైన్ చెప్పింది: గొడైవా బాగయింది, ఆమె చలికి బిగుసుకుపోయి ఇంటికొచ్చింది, వ్యాసం చేతిలో ఉంది.