ఒకే ఖాకీ, వేరు వేరు టోపీలు

మన బంధువర్గం ఇప్పుడు నాలుగైదు రాష్ట్రాల్లో ఉంది. ఎక్కడున్నా పోలీసంటే ఖాకీయే. కానీ సరిహద్దు దాటితే టోపీ మారుతుంది, హోదా పేరూ మారుతుంది. దీనికి కారణం మన ఊళ్లు ఒకప్పుడు వేరు వేరు ఏలుబడుల్లో ఉండటమే.

బ్రిటిషువాళ్ల పోలీసు చట్టం 1861లో వచ్చింది. మద్రాసు రాజధానికి అంతకు రెండేళ్ల ముందే సొంత చట్టం ఉంది. మైసూరు, హైదరాబాదు సంస్థానాలది వేరే దారి. యానాం ఫ్రెంచివారిది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రాజ్యాంగం పోలీసు శాఖను రాష్ట్రాలకే వదిలింది కాబట్టి పాత అలవాట్లు చాలావరకు నిలిచాయి.

యానాం సంగతే చూడండి. కాకినాడ నుంచి గంట ప్రయాణం, భాషా ఒకటే. అయినా అక్కడి కానిస్టేబుల్ తలమీద ఎర్రటి కెపి ఉంటుంది. గుండ్రంగా నిలబడి, పైన చదునుగా, ముందు చిన్న అంచుతో ఉండే టోపీ అది. 1954లో ఫ్రెంచి పాలన పోయింది, టోపీ మిగిలింది. కర్ణాటకలో కానిస్టేబుళ్లకు ఒక పక్క అంచు పైకి మడిచిన వెడల్పాటి టోపీ ఉండేది. 2025లో దాని స్థానంలో పీక్ క్యాప్ తెచ్చారు.

ఇక భుజాల మీది నక్షత్రాలు లెక్కపెడితే చాలదు. ఇన్‌స్పెక్టర్‌కూ మూడే, డీఎస్పీకీ మూడే. ఇన్‌స్పెక్టర్‌కు వాటి కింద ఎరుపు నీలం పట్టీ ఉంటుంది, డీఎస్పీకి ఉండదు. మహారాష్ట్రలో ఈ ఇద్దరికీ తోడు అసిస్టెంట్ పోలీస్ ఇన్‌స్పెక్టర్ అని ఇంకొకరున్నారు. ఆయనకూ మూడు నక్షత్రాలే, పట్టీ మాత్రం ఉత్త ఎరుపు. మనం ఎస్సై అనేవారిని కర్ణాటకలో పీఎస్సై అంటారు. ఒడిశాలో స్టేషన్ బాధ్యత చూసే ఇన్‌స్పెక్టర్ ఐఐసీ. ఫిర్యాదు రాసేటప్పుడు ఎవరి పేరున రాయాలో తెలియడానికైనా ఇవి తెలిసి ఉండాలి.

పల్లెలోని పోలీసు పటేలు కథ ఇంకోటి. తెలంగాణలో పటేల్, పట్వారీ వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం 1980లలో రద్దు చేసింది. మహారాష్ట్ర పల్లెల్లో పోలీసు పాటిల్ ఇప్పటికీ ఉన్నాడు. అందుకే నాందేడ్ వైపు మనవాళ్లకు ఆ మాట పాతది కాదు, రోజూ వినేదే.

మీ ఇంట్లో యూనిఫాం వేసుకున్న తాతల ఫొటోలు ఉంటే ముఖం ఒక్కటే చూసి పెట్టేయకండి. తలపాగానో, టోపీనో, నడుం పట్టీ మీది బిళ్లనో గమనించండి. ఆయన ఏ రాజ్యంలో కొలువు చేశాడో, మనవాళ్లు ఏ దారిన ఈ ఊరు చేరారో చెప్పే ఆధారం అక్కడే దొరకవచ్చు. గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే అడిగి, ఫొటో వెనక రాసి పెట్టుకోండి.