ఆప్తవాక్యమేది? పిల్లలమర్రి శిలల సన్నిధిలో ప్రమాణవిచారము



మా గ్రామము సూర్యాపేట జిల్లాలోని ఆత్మకూర్ (ఎస్). పేరు చివరనున్న ఆ ‘ఎస్’ సూర్యాపేటకు సంకేతము. ఆత్మకూరను పేరు గల ఊళ్ళు తెలుగునాట అనేకములు. వనపర్తి జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి, నెల్లూరు సీమలో ఒకటి, శ్రీశైలమునకు పోవు అడవిత్రోవలో మరియొకటి కలవు. ఆ ఒక్క అక్షరమును విస్మరించినచో ఎంత పొరపాటు జరుగునో ఇటీవల కన్నులారా చూచితిని.

డిగ్రీ చదువుచున్న మా ఊరి బాలుడొకడు ‘మా ఊరి చరిత్ర’ అను వ్యాసమును వ్రాసి, కళాశాలలో సమర్పించుటకు ముందు నాకు చూపవలెనని ఆలయమునకు వచ్చెను. ప్రదోషపూజ ముగిసిన పిదప మండపమున కూర్చుండి చదివితిని. శైలి చక్కగానే ఉన్నది, శ్రమయు కానవచ్చినది. కాని మూడు చోట్ల నా దృష్టి నిలిచిపోయినది.

మొదటిది: అమరచింత సంస్థానాధీశులు మా ఊరిని రాజధానిగా చేసికొని పాలించిరని వ్రాసెను. ఆ సంస్థానమునకు రాజధాని ఆత్మకూరే, కాని అది వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు. ఫోనులో పేరు వెదకగా దొరికినదానిని అతడు స్వగ్రామమునకు అన్వయించెను. ఇది రజ్జుసర్పభ్రాంతి వంటిది. సాదృశ్యమును చూచి వస్తువును నిర్ణయించుట భ్రమ, విశేషధర్మమును చూచి నిర్ణయించుట ప్రమ. ఊరిపేరు సామాన్యధర్మము. జిల్లా, పొరుగు గ్రామములు, ఏరు, చెరువు విశేషధర్మములు. ఏ ఆధారము చేజిక్కినను విద్యార్థి అడుగవలసిన తొలి ప్రశ్న, “ఇది నేను వెదకుచున్న దానిని గూర్చియే చెప్పుచున్నదా?” అని.

రెండవది పిల్లలమర్రిని గూర్చినది. సూర్యాపేట చెంతనున్న ఆ క్షేత్రమున కాకతీయ సామంతులైన రేచెర్ల రెడ్డి ప్రభువుల కాలపు శివాలయములు, శిలాశాసనములు కలవని పాఠకులెరుగుదురు. అక్కడి శాసనములలో ఒకటి శాలివాహన శకము 1117 నాటిది, మరియొకటి 1130 నాటిది. బాలుడు మొదటిదానిని గణపతిదేవునికి, రెండవదానిని రుద్రదేవునికి అంటగట్టెను. ఎక్కడనో తారుమారైన వాక్యమును యథాతథముగా ఎత్తి వ్రాసికొనెను.

“నాయనా, పండితులకడకు పోనక్కరలేదు. నిత్యము మనము చేయు సంకల్పమే నీకు దీపము” అని చెప్పితిని. శకసంవత్సరమునకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. 1117 అనగా 1195, 1130 అనగా 1208. రుద్రదేవుని పాలన 1195 ప్రాంతమున ముగిసెననియు, అతని తమ్ముడు మహాదేవుడు స్వల్పకాలము ఏలెననియు, 1199లో మహాదేవుని కుమారుడు గణపతిదేవుడు సింహాసనమెక్కెననియు చరిత్రకారుల నిర్ణయము. అట్లగుచో 1208 నాటి శాసనము రుద్రదేవుని పాలనలోనిది ఎట్లగును? అరనిమిషపు గణనతో తేలు సంగతి ఇది. మరియొక పరీక్షయు కలదు. శకము 1117 రాక్షస నామ సంవత్సరము, 1130 విభవ నామ సంవత్సరము. శాసనములలో శకసంఖ్యతో పాటు సంవత్సరనామము, మాసము, తిథి, వారము చెప్పుట పరిపాటి. ఒకటి చెడినను మరియొకటి సాక్ష్యమిచ్చునట్లు పెద్దలు చేసిన ఏర్పాటది.

ఈ గణనయందును సూక్ష్మము కలదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనము శకము 1084 చిత్రభాను సంవత్సర మాఘమాసము నాటిది. 78 కలిపినచో 1162 వచ్చును. కాని మాఘము వచ్చుసరికి ఆంగ్ల సంవత్సరము మారును, కావున 1163 సరియైనది. ఒక గ్రంథమున 1162, మరియొక గ్రంథమున 1163 కనబడినచో ఎవరో అసత్యమాడిరని తలపరాదు. భేదమునకు హేతువు వెదకవలెను.

ఇట్టిదే మరియొక జాగ్రత్త. శృంగార శాకుంతలము, జైమిని భారతము రచించిన మహాకవి పిల్లలమర్రి పినవీరభద్రుడు మన పిల్లలమర్రిలోనే జన్మించెనని బాలుడు వ్రాసెను. ఇంటిపేరు ఊరిపేరగుట నిజమే. దానివలన ఆ వంశమునకు ఆ ఊరితో సంబంధము ఉండవచ్చునని ఊహించుట న్యాయము. కవి జన్మస్థలము అదియేనని సిద్ధాంతీకరించుట మాత్రము వ్యాప్తి లేని అనుమానము. అనుమానమును అనుమానముగా చెప్పినచో దోషము లేదు, ప్రత్యక్షమువలె చెప్పినచో దోషము.

ఇక మూడవది. దీనిని వ్రాయుటకు నాకు సంకోచము కలుగుచున్నది, అయినను వ్రాయక తప్పదు. మేము అర్చించు శివాలయము కాకతీయుల కట్టడమనుట నిర్వివాదమని బాలుడు వ్రాసి, మూడు ఆధారములు చూపెను. ఒకటి ఉత్సవ కరపత్రము, రెండవది ఒక వార్తాపత్రికలోని చిన్న వ్యాసము, మూడవది పొరుగూరి వృద్ధుని మాట. నేను విచారించితిని. కరపత్రమును వ్రాసినవాడను నేనే. వార్త వ్రాసినవారు నన్నడిగి వ్రాసిరి. ఆ వృద్ధుడు కరపత్రమును చదివి చెప్పెను. మూడు నోళ్ళు కానవచ్చినవి గాని మాట ఒక్కటే, అది నాది. మరి నాకెవరు చెప్పిరి? మా తండ్రిగారు చెప్పిరి. వారు శాసనమును చూచి చెప్పిరా? మా ఆలయమున శాసనమే లేదు.

శాస్త్రము దీనినే అంధపరంపరాన్యాయమనును. గ్రుడ్డివాని చేయి పట్టుకొని మరియొక గ్రుడ్డివాడు, అతని చేయి పట్టుకొని వేరొకడు నడచినచో ఎందరు చేరినను దారి కానరాదు. నేను ఇన్నేండ్లు ఆ వరుసలో ముందు నిలిచితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆలయము ప్రాచీనము కాకున్నచో స్వామి మహిమకు లోపము కలదా? లేదు. కాని తెలియనిదానిని తెలిసినట్లు చెప్పిన అర్చకుని సత్యవ్రతమునకు లోపము కలదు. ఈ ఏటి కరపత్రమున ‘కాకతీయుల కట్టడము’ అను మాట తీసివైచి, ‘పెద్దలు చెప్పుకొను ప్రకారము ప్రాచీనమైనది’ అని వ్రాసితిని.

న్యాయశాస్త్రమున గౌతమ మహర్షి ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పెను. శబ్దమనగా ఆప్తుని ఉపదేశము. భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఆప్తుని లక్షణము చెప్పుచు, విషయమును సాక్షాత్తుగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే తెలుపగోరువాడు ఆప్తుడనెను. ఈ లక్షణము ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి సమానమని గూడ స్పష్టపరచెను. వక్త వేషము గాని, వయస్సు గాని, మెడలోని రుద్రాక్షలు గాని ఆప్తత్వమును కలిగింపవు. ఈ కొలతతో కొలిచినచో మా ఆలయ చరిత్ర విషయమున నేను ఆప్తుడను కాను. బాలునితో ఆ మాటనే చెప్పితిని.

మన ప్రాంతమున ఈ మార్గమును ఆచరించి చూపిన మహనీయులు లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు 1923లో పరమపదించిన తరువాత వారి పేర హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి పనిచేసినది. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు అందు శ్రమించిరి. ఊరూర శిలలను వెదకి, తడిపిన కాగితమును రాతిపై అదిమి, సిరా అద్ది, అక్షరముల అచ్చు తీయుట శాసనపరిశోధకుల పద్ధతి. ఈ మండలి సేకరించిన ‘తెలంగాణా శాసనములు’ 1935లో వెలువడినది. అంతకు ఒక యేడు ముందు, తెలంగాణమున తెలుగు కవులే లేరను ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపముతో బదులీయలేదు. 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో ప్రకటించి బదులిచ్చిరి. ఆధారమే ఉత్తరముగా నిలిచిన సందర్భమది.

విద్యార్థులారా, మూలమును పేర్కొనుట మనకు పాశ్చాత్యులు నేర్పిన ఆచారము కాదు. మంత్రమును పఠించుటకు ముందు ఋషిని, ఛందస్సును, దేవతను స్మరింపవలెనని వేదాధ్యయనమున మొదటనే నేర్పుదురు. ఋగ్వేదమునకు ఈ వివరములన్నిటిని కాత్యాయనుడు సర్వానుక్రమణిలో క్రమముగా కూర్చెను. ద్రష్ట పేరు చెప్పకుండ మంత్రము చెప్పుటయే దోషమైనప్పుడు, ఒకరి పరిశ్రమను ఎత్తి వ్రాసి పేరు చెప్పకుండుట ఎంత దోషమో ఊహింపుడు. అట్లే పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును పలు విధముల వల్లించుట ఒక పాఠమును మరియొక పాఠముతో సరిచూచుటయే. ఆధారమును ఆధారముతో సరిచూచు విద్య మన నాలుకపై ఉన్నదే.

ఒక ఆదివారము బాలుని పిల్లలమర్రికి తీసికొనిపోతిని. శిలపై అక్షరములను వ్రేలితో తాకబోగా వారించితిని. నూనె, పసుపు, సున్నము పూసి మనమే ఎన్ని శాసనములను మూగవానిగా చేసితిమో అతనికి చెప్పితిని. అర్చకులకు గూడ ఈ మాట వర్తించును. నాటి లిపి నేటివారికి సులభముగా అందదు, కావున పురావస్తుశాఖవారు ప్రకటించిన నల్లగొండ జిల్లా శాసన సంపుటములను గ్రంథాలయమున చూచి, పాఠమును స్వయముగా వ్రాసికొనుమని చెప్పితిని.

అతడు వ్యాసమును తిరిగి వ్రాసెను. మొదటిదానిలో సగము కూడ లేదు. మా ఆలయమును గూర్చి ఒకే వాక్యమున్నది: “ఈ ఆలయ నిర్మాణకాలమునకు శాసనాధారము లేదు, ప్రాచీనమని అర్చకులు చెప్పుదురు.” చదివి ఆనందించితిని. నా జీవితమున నన్ను గూర్చి వ్రాసిన సత్యవాక్యములలో అది ఒకటి.

సర్వే జనాః సుఖినో భవంతు.